కట్టరు మిషనుకి ఒక పట్టా

మా నాన్న ఉద్యోగమంతా ఒక కన్ను మూసుకునే చేశాడు. ఈ మాట ఎవరితో అన్నా వెటకారం అనుకుంటారు గానీ, ఇది పచ్చి నిజం. భిలాయి ప్లాంటులో రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో ఆయన పని పట్టా వంకరని కనిపెట్టడం. ఎర్రగా కాలి వచ్చిన పట్టా చల్లారేటప్పుడు ఎటో ఒకవైపు వంగుతుంది. చల్లారాక దాని చివర నాన్న నడుం వంచి నిలబడి, ఎడం కన్ను మూసి, కుడి కంటితో ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసేవాడు. వంపు ఉన్నచోట సుద్దతో గీత పెట్టేవాడు. ప్రెస్సు మీదున్నాయన సరిగ్గా ఆ గీత దగ్గర నొక్కి పట్టాని సాపు చేసేవాడు. గీత తప్పుచోట పడిందా, మిల్లు మోతని కూడా మించి తిట్లు వినబడేవట. ఆ తిట్లన్నీ నాన్న ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, మాకు అభినయించి మరీ చూపించేవాడు. అమ్మ చెవులు మూసుకునేది. నేను మాత్రం ఒక్కటీ వదలకుండా నేర్చుకున్నాను.

ఆ చూపు నాకు అక్షరాలకంటే ముందే వచ్చింది. మంచం పట్టె, గోధుమ పిండి జల్లెడ అంచు, క్వార్టరు ముందు బట్టలారేసే పైపు, నా చెక్క స్కేలు, ఏది దొరికితే అది నా కళ్ళ ముందు పెట్టేవాడు.

"మూసీ ఎడం కన్ను. ఇప్పుడు సూడు. ఎటు తిరిగినాది?"

నేను చెప్పేదాన్ని. తప్పు చెబితే మొట్టికాయ, సరిగ్గా చెబితే ఏమీ లేదు. మా ఇంట్లో మెచ్చుకోవడమంటే మొట్టికాయ పడకపోవడమే. ఆ చదువు కంటితో ఆగకుండా నా నోటికి కూడా పాకింది. చారులో ఉప్పు దగ్గర నుంచి పక్కింటి పెళ్ళి శుభలేఖ దాకా నాకు వంకర కనబడని వస్తువు లేదు. కనబడ్డాక ఊరుకునే అలవాటూ లేదు. "దేవుడు ఎదురొచ్చి నిలబడినా, కిరీటం పక్కకుందని సెప్తాదిది" అని అమ్మ వచ్చిన చుట్టాలందరికీ చెప్పుకునేది. నాన్న మాత్రం ఆ మాటకి మీసంలో నవ్వుకునేవాడు. నా నోరు ఆయన పెంచిన మొక్కే మరి.

తొంభైల మధ్యలో నాన్న రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేసి, ఉతై వెళ్ళే రోడ్డు పక్కన కట్టుకున్న సొంత ఇంట్లోకి వచ్చేశాం. ఇల్లంటే ఇల్లే గానీ ఇంకా సగం పనులు మిగిలే ఉన్నాయి. వంటింట్లో గోడలోకి ఒక పెద్ద అలమర వదిలారు, నేల నుంచి నా తలకి పైదాకా. దానికి తలుపుల్లేవు. నందిని గనుల వైపు నుంచి సున్నపురాయి మోసే లారీలు పోయినప్పుడల్లా తెల్లటి దుమ్ము వచ్చి పప్పు డబ్బాల మీద పేరుకునేది. అమ్మ రోజూ వాటిని తుడుస్తూ నాన్న వినేలా గొణిగేది. వడ్రంగిని పిలుద్దామని నేనంటే నాన్నకి ఎక్కడలేని పౌరుషం వచ్చింది. అంత పొడుగు పట్టాలు సాపు చేయించినవాడు రెండు చెక్క తలుపులు కోసుకోలేడా అని.

క్యాంప్ 2 బస్తీలో ఒక వడ్రంగి పెద్ద మిషను కొనుక్కుని పాతది అమ్మేస్తుంటే నాన్న వెళ్ళి తెచ్చుకున్నాడు. చేత్తో పట్టుకుని తోసే కట్టరు మిషను. కింద చదునుగా ఒక రేకు పళ్ళెం, దాన్లోంచి గుండ్రటి బ్లేడు కిందికి దిగుతుంది. పలకని ఇట్టే కోసేస్తుంది గానీ, తిన్నగా పోవాలనే బుద్ధి దానికి లేదు. చెయ్యి ఏమాత్రం అటూ ఇటూ అయినా అది తన దారిన తను పోతుంది. పెద్ద ప్లైవుడ్ షీటుని ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తిన్నగా కొయ్యాలంటే, పక్కన పొడుగాటి తిన్నటి దాన్ని ఏదైనా బిగించి, మిషను అంచుని దానికి ఆనించి తోసుకుపోవాలి. నాన్న దాన్ని కూడా పట్టా అనే అన్నాడు. "మిషనుకి పట్టా కావాలి" అని పొద్దున్నే సైకిలు తీసేవాడు. ఆయన మళ్ళీ డ్యూటీకి వెళ్తున్నట్టే ఉండేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను ఆయన్ని బలవంతాన కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. గుమ్మం దగ్గర చెప్పుల్లో తన చెప్పు వెతుక్కోవడం చూసి నాకు అనుమానమొచ్చింది. డాక్టరు కుడి కంట్లో శుక్లం బాగా ముదిరిందన్నాడు. ఆపరేషను చేసి తియ్యాలి, ఆలస్యం చేస్తే కంట్లో ఒత్తిడి పెరిగి చూపు మళ్ళీ రాకుండా పోవచ్చన్నాడు. ఎడం కన్ను బాగానే ఉంది కాబట్టి ఆయన రోజులు గడిచిపోతున్నాయి, అంతవరకూ ఇంట్లో మాకు తెలియలేదు.

నాన్న డాక్టరు ఎదుట తలూపి, బయటికి రాగానే "ఆపరేషనూ లేదు, ఏటీ లేదు" అన్నాడు. శ్రీకాకుళం దగ్గర మా ఊళ్ళో పెదనాన్నకి అలాగే కంటి ఆపరేషను చేశారు. కట్టు విప్పాక ఆ కంటికి వెలుగే తెలియలేదు. ఆయన్ని చెయ్యి పట్టుకుని గట్టు మీద నడిపించింది మా నాన్నే. అది ఆయన మనసులోంచి పోలేదు. ఆపరేషను మాట ఎత్తితే చాలు, కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. నేను అరిచాను, అమ్మ ఏడ్చింది, రెండూ పనిచెయ్యలేదు. ఆ కన్ను పోతుందేమోనన్న భయంతో, నేను టీచరుగా చేసే స్కూల్లో పిల్లలకి పాఠం చెబుతుంటే మధ్యలో మాట ఆగిపోయేది.

ఇక పట్టా వేట. మొదట టింబరు డిపో నుంచి సాల్ చెక్క బద్ద ఒకటి తెచ్చాడు. అది రెండు ఎండలు చూసేసరికి మెలి తిరిగింది. "కర్రని కొయ్యడానికి కర్రేటి, మనకి సిగ్గులేదూ" అని దాన్ని అమ్మకి బట్టల కర్రగా ఇచ్చేశాడు. తరువాత పాత ఇనుము దుకాణం నుంచి ఒక యాంగిలు తెచ్చాడు, ఎల్ ఆకారంలో ఉండే ఇనప కడ్డీ. సైకిలుకి కట్టుకుని నడిపించుకుంటూ వచ్చాడు, చూడ్డానికి మహా గంభీరంగా ఉంది. తీరా షీటు మీద పెట్టి మిషను ఆనిస్తే, నిలబడి ఉన్న దాని రెక్క మిషను మోటారుకి కొట్టుకుంది. నేను పగలబడి నవ్వాను.

"నవ్వు నవ్వు. నీకేటి తెలుసు? పట్టా అంటే బరువుండాల. తోసినప్పుడు కదలకూడదు."

"కదలకపోవడం సరే నాన్నా, మిషను కూడా కదలటం లేదు కదా!"

వాళ్ళకీ వీళ్ళకీ చెప్పగా, సుపేలా బజారులో దొరికే, కిటికీలకి వాడే అల్యూమినియం పెట్టెగొట్టం అయితే తేలిగ్గా ఉంటుంది, తిన్నగా ఉంటుంది, దాన్నే కొనమని అందరూ అన్నారు. నాన్నకి ఆ మాట నచ్చలేదు. అల్యూమినియం అంటే ఆయన దృష్టిలో అన్నం గిన్నెలు చేసుకునే లోహం. ఉక్కు పుట్టిన ఊళ్ళో ఉంటూ గిన్నెల లోహాన్ని ఆనుకుని కోస్తే నలుగురూ ఏమనుకుంటారన్నట్టు ముఖం పెట్టాడు. నాకు తెలిసి ఈ ఊళ్ళో మా నాన్న వయసువాళ్ళందరికీ ఈ జబ్బు ఉంది. మంచం కాలు విరిగినా, తులసికోటకి ఆసరా కావాలన్నా, ఉక్కు తప్ప ఇంకోటి తలపుకి రాదు.

చివరికి మళ్ళీ క్యాంప్ 2 వెళ్ళి ఒక ఉక్కు పట్టీ ఏరుకొచ్చాడు. నాలుగు వేళ్ళ వెడల్పు, షీటు కంటే రెండు జానలు ఎక్కువ పొడుగు. పొడుగు ఎందుకంటే మిషను షీటులోకి దిగకముందే పట్టీకి ఆనాలి, షీటు దాటాక కూడా ఆనే ఉండాలి, లేకపోతే మొదట్లోనూ చివర్లోనూ కోత పక్కకి పోతుంది. ఈ సంగతి ఆయన ఎవరూ చెప్పకుండానే ఆలోచించుకున్నాడు. పట్టీ పలచగా ఉంది కాబట్టి మోటారుకి తగలదు, బరువుగా ఉంది కాబట్టి కదలదు. ఇసుక కాగితంతో తుప్పంతా రుద్ది, కొబ్బరినూనె గుడ్డతో తుడిచాడు. పెరట్లో రెండు స్టూళ్ళ మీద దాన్ని పడుకోబెట్టి, లుంగీ ఎగ్గట్టి, నడుం వంచి చూశాడు.

ఎడం కన్ను మూశాడు. కుడి కంటితో చూశాడు. ఎన్నేళ్ళ అలవాటో అది. ఏ కన్ను మూసుకుంటున్నాడో ఆయనకే తెలియదనుకుంటాను.

"దారం లాగినట్టుంది" అన్నాడు. "రా, నువ్వూ సూడు."

నేను వెళ్ళి వంగాను. ఎడం కన్ను మూశాను. పట్టీ మధ్యలో పొట్ట ఉంది. అనుమానం అక్కర్లేదు, ఎడం వైపుకి ఒక పెన్సిలు మందాన ఉబ్బి ఉంది. ఆయన నేర్పిన చూపుకి అది చిన్న వంకర కాదు, చిన్నప్పుడైతే ఇది చెప్పలేకపోయినందుకు రెండు మొట్టికాయలు పడేవి.

నోరు తెరిచి తలెత్తాను. నాన్న తువ్వాలు కొసతో కుడి కన్ను తుడుచుకుంటున్నాడు. ఎండ సూటిగా ముఖం మీద పడుతోంది. ఆ కంటి నల్లగుడ్డు మధ్యలో బియ్యం కడిగిన నీళ్ళ రంగు కనబడింది. నిజానికి ఆపరేషనుకి ఒప్పించడానికి అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. ఇదిగో నీ చూపు, ఇదిగో దాని వంకర అని ఆయన ముందు పెడితే చాలు. ఆ సంగతి నాకు ఆ క్షణంలోనే తోచింది. కానీ ఆయన అంత గర్వంగా నిలబడి ఉన్నాడు, ముక్కు మీద తుప్పు మరకతో. మా నాన్న కుడి కన్ను తప్పు చెప్పిందని నా నోటితో చెప్పలేకపోయాను.

"బాగుంది నాన్నా" అన్నాను.

ఆయన నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, పట్టీ ఎత్తుకుని లోపలికి నడిచాడు.

ఆ మధ్యాహ్నమే కోత. వరండాలో నాలుగు ఇటుకల దొంతుల మీద కొత్త షీటు పరిచాం. పట్టీని రెండు చివరలా బిగించాడు. నన్ను షీటు అంచు పట్టుకోమన్నాడు. మిషను మొదలుపెట్టగానే పక్కింటి కుక్క అరుచుకుంటూ రోడ్డెక్కింది. నాన్న మిషనుని పట్టీకి ఆనించి, ఆగకుండా, ఒకే వేగంతో ఆ చివరిదాకా తోశాడు. చెయ్యి మాత్రం ఇప్పటికీ చెప్పుకోవాలి, అలాంటి నిలకడైన చెయ్యి నేను మళ్ళీ చూడలేదు. పట్టీ ఎలా ఉందో కోత అచ్చం అలాగే వచ్చింది.

ఇక్కడొక చిత్రం జరిగింది. వంకర పట్టీని ఆనుకుని ఒక షీటుని రెండుగా కోస్తే, ఒక ముక్కకి పొట్ట వస్తుంది, రెండోదానికి అంతే గుంట వస్తుంది. ఆ రెండు ముక్కలే రెండు తలుపులయ్యాయి. కోసిన అంచులు మధ్యలో కలిసేలా బిగిస్తే ఒకదానిలో ఒకటి చక్కగా ఒదిగిపోయాయి. సందు పైనా కిందా మధ్యలో ఒకేలా ఉంది, చీమ దూరదు. దుమ్ము ఆగిపోయింది. తప్పల్లా ఒక్కటే, రెండు తలుపుల మధ్య గీత నిట్టనిలువుగా ఉండాల్సింది, నడుమ దగ్గర మెల్లగా ఎడమకి వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చేది.

నాన్న పనికి వెళ్ళినట్టుగా రోజూ ఒకసారి వచ్చి ఆ తలుపులు తెరిచి మూసేవాడు. అమ్మ మొదటిరోజే కనిపెట్టింది. పొయ్యి ముందు నిలబడి గరిటె ఎత్తి ఆ గీత వైపు చూపించి, "ఓలమ్మ, ఇదేటే..." అని మొదలుపెట్టింది. నేను కళ్ళతోనే వద్దన్నాను. తరువాత బావి దగ్గర సంగతంతా చెప్పాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆరోజు నుంచి ఆమె కూడా ఆ తలుపుల గురించి మాట్లాడలేదు. పైగా ఒక సాయంత్రం నాన్నకి టీ ఇస్తూ "తలుపులు బాగా కుదిరినాయి" అంది. నాన్న గ్లాసులోకి చూస్తూ ఊఁ అన్నాడు. చూడ్డానికొచ్చిన చుట్టుపక్కలవాళ్ళని కూడా మేం వంటింట్లోకి రానివ్వకుండా వరండాలోనే కూర్చోబెట్టి పంపేశాం. ఇంట్లో అంత మర్యాద ఎప్పుడూ లేదు. నేను చారులో ఉప్పు గురించి కూడా మాట్లాడటం మానేశాను, ఒకటి మొదలుపెడితే రెండోది జారిపోతుందని భయం.

కొన్ని వారాలు అలా గడిచాయి. ఒక పొద్దున్న నాన్న గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"డాక్టరు దగ్గరికి ఎప్పుడెల్దాం?"

"ఎందుకు?"

"ఎందుకేటి, ఆపరేషనుకి."

అమ్మ దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుంది. డాక్టరు మాటలు ఆలస్యంగా తలకెక్కాయనుకున్నాను నేను. ఆయన మనసు మారకముందే ఆసుపత్రిలో చేర్చేశాం. ఆపరేషను గదిలోకి వెళ్ళేముందు ఆయన చెయ్యి చల్లగా ఉంది. నా వేళ్ళు గట్టిగా పట్టుకుని, "మీ పెదనాన్నకి కట్టు ఇప్పిన రోజు నానే ఉన్నాను" అని మాత్రం అన్నాడు. నేను ఆ చెయ్యి వదలకుండా గది తలుపు దాకా వెంట నడిచాను.

మర్నాడు కట్టు విప్పారు. డాక్టరు వేళ్ళు చూపించాడు. నాన్న అవెన్నో చెప్పకుండా డాక్టరు వెనక గోడ వైపు చూసి, ఆ క్యాలెండరు మేకు పక్కకి కొట్టారు, వంకరగా వేలాడుతోంది అన్నాడు. నర్సు తెల్లబోయింది. నేను బయట ఆసుపత్రి వరండాలోకి వెళ్ళి గోడకి ఆనుకుని హాయిగా ఏడ్చుకున్నాను.

ఇంటికొచ్చాక నెలదాకా తలస్నానం వద్దన్నారు, పొయ్యి దగ్గరికి పోవద్దన్నారు, బరువెత్తొద్దన్నారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వరండాలో సినిమా హీరోలా కూర్చునేవాడు. పొయ్యి దగ్గరికి పోవద్దన్నది మాకు వరమైంది, ఆ తలుపుల ముందుకి రాడు కదా అని. కానీ నెల ఎన్నాళ్ళు? అద్దాలు మారాక ఒకరోజు ఆయన తిన్నగా వంటింట్లోకి వచ్చి అలమర ఎదురుగా నిలబడ్డాడు. అమ్మ వేసిన రొట్టె పెనం మీద మాడిపోతోంది. నేను గుమ్మంలో ఆగిపోయాను.

ఆయన గీతని పైనుంచి కిందిదాకా చూశాడు. నడుమ దగ్గర బొటనవేలు పెట్టి నిమిరాడు.

"అరటిపండులాగున్నాది" అన్నాడు.

"నాన్నా, అదీ..."

"నాకెప్పుడో తెలుసే. తలుపులు బిగించిన మర్నాడే ఎడం కంటితో సూసుకున్నాను."

అమ్మ పెనం దించేసింది. "తెలిసీ ఇన్నాళ్ళూ నోరిప్పలేదేటయ్యా?"

"మీరిప్పుతారేమోనని." ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "మిల్లులో నా గీత తప్పితే ప్రెస్సోడు మా అమ్మనీ అయ్యనీ కలిపి తిట్టీసేవోడు. ఆడు తిట్టినంతకాలం నాకే బెంగా లేదు. దీని సంగతేటి? పుట్టి బుద్దెరిగిన కాన్నుంచి దీని నోట బాగుందన్న మాట నానిన్నానా? అలాటిది ఆ వంకర పట్టీ సూసి, బాగుంది నాన్నా, అన్నాది. దీనికి ఆ సూపు నేర్పినోణ్ణి నాను. దీనికి కనబడలేదంటే నమ్ముతానా?"

నేను గుమ్మం దాటి వచ్చి ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను.

"డాక్టరు సెప్తే నాకు బయమెయ్యలేదు. నువ్వు తిట్టకపోతే బయమేసినాది. అయితే ఇంక నా పనైపోనాది, నన్ను తిట్టడం కూడా మానేసినారు అనుకున్నాను. అందుకే ఎల్లినాను."

ఆ తలుపులు మార్చనివ్వలేదు నాన్న. ఇప్పటికీ వంటింట్లో అవే ఉన్నాయి. కాకపోతే కొన్నాళ్ళకే, లోపల పప్పులు ముక్కిపోతున్నాయి, గాలాడటానికి జాలీ పెట్టమని అమ్మ అడిగింది. దానికి తలుపు మధ్యలో బ్లేడుని పైనుంచి దింపి, నాలుగు వైపులా తిన్నగా కొయ్యాలి. మళ్ళీ పట్టా కావాలి. ఈసారి ఏ బింకమూ లేకుండా నన్ను వెంటపెట్టుకుని సుపేలాలో అల్యూమినియం దుకాణానికి బయలుదేరాడు.

దుకాణంవాడు ఒక పెట్టెగొట్టం తీసి, "ఏక్‌దమ్ సీధా హై, దాదా" అన్నాడు, ఎక్కడా వంకర లేదన్నట్టు. నాన్న దాన్ని కంటి ఎత్తుకి లేపాడు. ఎడం కన్ను మూశాడు, చాలాసేపు చూశాడు. ముఖంలో ఏమీ తెలియనివ్వలేదు. గొట్టాన్ని నాకిచ్చి పక్కకి నిలబడ్డాడు.

నేను చూశాను. ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాను, తిప్పి ఇంకో అంచు చూశాను. ఎక్కడా పొట్ట లేదు, గుంట లేదు. అంత తిన్నటి వస్తువు నేను అంతవరకూ చూడలేదు. తలెత్తేసరికి నాన్న నా నోటివైపే చూస్తున్నాడు.

బాగుందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాను.

"చివర సరిగ్గా రుద్దలేదు, చెయ్యి కోసుకుపోతుంది" అన్నాను. "పైన ఈ గీతలేంటి, ఎవరు ఈడ్చారు దీన్ని? ఎండలో పెట్టి రంగు పాడుచేశారు. దుకాణం పెట్టుకున్నవాళ్ళకి సరుకు చూసుకోవాలని ఉండదా? నువ్వైనా వెలుతురులోకి తెచ్చి చూడొద్దూ నాన్నా, ఆ మూలని నిలబడి ఏం చూశావు?"

దుకాణంవాడు బిక్కముఖం వేసుకుని నా వైపూ ఆయన వైపూ చూశాడు. నాన్న మాత్రం సంతోషంగా ఆ గొట్టాన్ని భుజానికెత్తుకుని బయటికి నడిచాడు.